కొమ్మలో కోయిలని వీణలో వాయించిన చిట్టిబాబు గారు

ఈసారి గోడపత్రికకి గొప్పవారి జీవితం రాయమన్నారు. అందరూ నాయకుల గురించే రాస్తున్నారు. నేను వీణ వాయించినాయన గురించి రాస్తున్నాను.

చిట్టిబాబు గారు 1936 అక్టోబరు 13న కాకినాడలో పుట్టారు. అసలు పేరు హనుమాన్లు. నాన్నగారు చల్లపల్లి రంగారావు గారు. ఒకరోజు ఆయన వీణ వాయిస్తుంటే ఒక స్వరం తప్పు పడిందంట. కొడుకు అది కాదని సరిచేశాడు. అప్పుడు వాడికి 5 ఏళ్లు! ఆ వయసు నుంచే వీణ నేర్చుకున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి రాయాలి. పోయిన వేసవిలో సంతలో జీడిపిక్కలు అమ్మేటప్పుడు మా నాన్న లెక్క తప్పు చెప్తే అందరి ముందు నేను సరిచేశాను. లెక్క నాదే రైటు. కానీ నాన్న ఊరొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. రంగారావు గారికి వీణ తెలుసు, కొడుకు చెప్పింది రైటని ఆయన చెవే చెప్పి ఉంటది. మా నాన్న బడికెళ్లలేదు. నాది రైటని ఆయనకెలా తెలుస్తది?

చిట్టిబాబు గారు 12 ఏళ్లకే మొదటి కచేరీ చేశారు. 1948లో మద్రాసు వెళ్లారు. అక్కడ ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారికి శిష్యుడయ్యారు. సినిమాలకీ వాయించారు గాని పేరు వచ్చింది కచేరీలతోనే.

వీణ పనస కర్రతో చేస్తారు. బొబ్బిలిలో ఒకటే దుంగని తొలిచి చేస్తారు. తీగలు 7, మెట్లు 24. మెట్లని మైనంలో నిలబెడతారు. అంటే మనవాళ్లు తేనెపట్టు నుంచి తీసే మైనమే. గిటారుకీ మెట్లుంటాయి గాని అవి వేరు. వీణలో మెట్టు మీద తీగని పక్కకి లాగితే స్వరం సాగి పైకి పోతుంది. కోయిల కూత కూడా అలాగే పైకి పోతుంది కదా. అందుకే ఆయన వాయించిన కొమ్మలో కోయిల అంత పేరు తెచ్చుకుంది. టీచరు గారు ఫోన్లో వినిపిస్తే మా చెల్లెళ్లు కిటికీలోంచి చెట్టు మీదకి చూశారు. నిజం!

1990లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 1996 ఫిబ్రవరి 9న మద్రాసులో చనిపోయారు. 59 ఏళ్లే.

సెలవులకి వెళ్లినప్పుడు ఇది మా నాన్నకి వినిపిస్తాను. కోయిల కూత తప్పో రైటో నాన్నకి నాకన్నా బాగా తెలుసు.