నీటిబొట్టులో లోకమును గాంచిన లీవెన్‌హుక్

మానవునకు కన్నులు రెండే. వానితో దూరపు కొండను గాంచవచ్చును, ఆకసమునందలి చుక్కను గాంచవచ్చును. కాని ముంగిటి తొట్టినీటిలోను, మన నోటిలోను, నెత్తుటిలోను ఉన్నదానిని చూచుట కా కన్నులు చాలవు. కంటి కానని జీవులుండవచ్చునని యూహించిన ప్రాచీనులు కొందరు గలరు గాని చూచినవారు లేరు. ఆ సూక్ష్మ జీవలోకమును మొట్టమొదట కన్నులార గాంచి, కనినదానిని లోకమునకు తెలిపినవాడు మహాపండితుడు కాడు, రాజాశ్రయము గల శాస్త్రవేత్త కాడు. బట్టల దుకాణము పెట్టుకొని, నగరపు కచేరిలో చిన్న యుద్యోగము చేసికొని బ్రతికిన హాలెండు దేశీయుడు. అతని పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్.

ఇతడు 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన డెల్ఫ్ట్ నగరమున జన్మించెను. తండ్రి బుట్టలల్లి జీవించెడివాడు; కుమారుని పసితనముననే గతించెను. ఆంటోనీ పదునారవ యేట ఆమ్‌స్టర్‌డాం నగరమునకు పోయి, ఒక బట్టల వర్తకునికడ చేరి, వ్యాపారమును లెక్కలును నేర్చుకొనెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కి యెరుగడు. మన దేశమున శాస్త్రములు సంస్కృతమున నున్నట్లు ఆనాటి ఐరోపా పండితుల గ్రంథములు లాటిన్ భాషలో నుండెడివి. ఇతనికి లాటిన్ రాదు. తల్లిభాషయైన డచ్చి యొక్కటే వచ్చును.

1654లో వివాహమాడి, డెల్ఫ్ట్‌లోనే సొంతముగ దుకాణము తెరచెను. ఆ నగరము డచ్చి ఈస్టిండియా కంపెనీ శాఖ లారింటిలో నొకదానికి స్థానము. ఆ కంపెనీవారు 17వ శతాబ్ది ప్రారంభము నుండియు మన మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పి, ఆంధ్రతీరపు నేతబట్టలను ఓడల కెక్కించుచుండిరి. ఆనాటి బట్టల వర్తకులు నూలుపోగుల నాణ్యమును పరీక్షించుటకు భూతద్దము నుపయోగించెడివారు. లీవెన్‌హుక్‌నకు గాజుతోడి పరిచయ మిట్లు దుకాణముననే కలిగెను.

1660లో నగర న్యాయాధికారుల కచేరీ సంరక్షణోద్యోగము లభించెను. 1669లో భూమి కొలుచు పరీక్ష యందు నెగ్గి సర్వేయరయ్యెను. 1679లో మద్యపు పీపాల కొలతలను తనిఖీ చేయు పనియు నితని కప్పగింపబడెను. మరొకవైపు సంసారమున దుఃఖము వెంట దుఃఖము వచ్చినది. కన్నబిడ్డ లైదుగురిలో మరియా యను కుమార్తె యొక్కతెయే దక్కెను. 1666లో భార్యయు మరణించెను. తరువాత మరల వివాహమాడెను గాని ఆమెయు నతనికంటె ముందుగనే గతించినది. కుమార్తె మాత్రము కడవరకు తండ్రిని కనిపెట్టుకొని యుండెను.

కచేరీ పని ముగిసిన వెనుక లీవెన్‌హుక్ చిన్న చిన్న కటకములను తయారుచేయుచుండెను. అతని సూక్ష్మదర్శిని మిక్కిలి సామాన్యమైన సాధనము. రెండు చిన్న లోహపు రేకుల నడుమ గింజంతటి గాజు కటకము, దాని యెదుట వస్తువును నిలుపుటకు ఒక సూదిమొన, ఆ మొనను ముందు వెనుకలకు జరుపుటకు మరలు. అంతయు నరచేతిలో నిమిడిపోవును. దానిని కంటికి ఆనించుకొని, వెలుతురువైపు తిరిగి చూడవలెను. నేడు మిగిలియున్న వానిలో శ్రేష్ఠమైనది వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగ చూపును.

డెల్ఫ్ట్‌నకు కొంత దూరమున బెర్కెల్సె మీర్ అను సరస్సు గలదు. శీతకాలమున తేటగ నుండు ఆ నీరు వేసవిలో తెల్లబారి, అందు పచ్చని మబ్బులవంటివి తేలుచుండెడివి. అది మంచువలన కలుగునని ఆ చుట్టుపట్ల జనులు చెప్పుకొనెడివారు. అందరును చూచుచున్నదే, అందరును కారణము చెప్పుకొనుచున్నదే. 1674 వేసవిలో లీవెన్‌హుక్ ఆ నీటిని ఒక గాజుబుడ్డిలో పట్టి తెచ్చి, మరునాడు కటకము క్రింద నుంచెను.

అందు తలవెండ్రుక లావుగల పచ్చని దారములు సర్పాకృతిని చుట్టుకొని యుండెను. వాని నడుమ జీవులు! కొన్ని గుండ్రనివి, కొన్ని కోలగ నున్నవి. పైకి, క్రిందికి, గిరగిర తిరుగుచు పరుగులిడుచున్నవి. జున్నుపైని పురుగు అంతవరకు అతడు చూచిన ప్రాణులలో మిక్కిలి చిన్నది. ఈ జీవులలో కొన్ని దానికంటె వేయిరెట్లు చిన్నవిగ నతనికి తోచెను. నలువది దాటిన ఆ గృహస్థుడు తానెరిగిన నీటిలోనే తానెరుగని లోకమును జూచి నివ్వెరపోయెను.

ఆశ్చర్యపడి యూరకుండిన యెడల అతని పేరు నేడు మన మెరుగము. అతడు కొలతల ఉద్యోగి. కనినదానిని కొలువసాగెను. వాననీటిని శుభ్రమైన పాత్రలో పట్టి పరీక్షింపగా మొదట నే జీవియు కానరాలేదు. కొలది దినములైన వెనుక కానవచ్చెను. 1676లో మిరియముల ఘాటునకు కారణ మరయ సంకల్పించి, వానిని నీట నానవేసెను. మిరియపు కణములకు ముండ్లవంటి మొనలుండి నాలుకను గ్రుచ్చునేమో యని యతని యనుమానము. సుమారు మూడు వారములకు, ఏప్రిల్ 24వ తేదీన, ఆ నీటిబొట్టులో ముండ్లు కనబడలేదు. అంతకుముందు చూచినవానికంటెను అతి సూక్ష్మములైన జీవులు లెక్కకు మించి కనబడెను. నూరింటిని వరుసగ పేర్చినను ముతక యిసుకరేణువంత పొడవు కావని యతడు లెక్కకట్టెను. నేడు బాక్టీరియా యని మనము పిలుచు జీవులను మానవుడు చూచిన తొలిదిన మదియే.

1673 మొదలు ఇతడు లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరములు వ్రాయుచుండెను. డెల్ఫ్ట్ వైద్యుడు రైనియర్ డి గ్రాఫ్ ఆ పరిచయము కలిగించెను. అతడు డచ్చిలో వ్రాయుట, వారు భాషాంతరీకరించి ప్రకటించుట వాడుకయయ్యెను. కాని 1676 అక్టోబరులో వ్రాసిన మిరియపునీటి యుత్తరము చదివి సభవారు సందేహింపసాగిరి. చదువురాని బట్టల వర్తకుడు చూచితినన్న దానిని నమ్ముటెట్లు? లీవెన్‌హుక్ కోపగింపలేదు. మతగురువులు మొదలగు పెద్దమనుష్యుల నెనమండుగురిని సాక్షులుగ బిలిచి, వారికి చూపి, వారి వ్రాతమూలమైన సాక్ష్యములను పంపెను. లండనులో రాబర్టు హుక్ తానును మిరియములు నానవేసి, మొదట విఫలుడై, సాధనమును మెరుగుపరచి, 1677 నవంబరు 15వ తేదీన సభ్యుల యెదుట ఆ జీవులను చూపెను. 1680లో రాయల్ సొసైటీ లీవెన్‌హుక్‌ను సభ్యునిగ నెన్నుకొనెను.

పిమ్మట అతని కంటికి విశ్రాంతి లేదు. 1683లో తన పండ్లసందుల తెల్లనిపాచిని గీకి, వాననీట కలిపి చూడగా, అందును జీవులు గుంపులు గుంపులుగ కదలాడుచుండెను. కప్పపిల్ల తోకలోను, చేపతోకలోను వెండ్రుకకంటె సన్ననైన నాళములందు నెత్తురు ప్రవహించుట చూచెను. 1698లో రష్యా ప్రభువు పీటర్ కాలువమీద పడవలో డెల్ఫ్ట్‌నకు వచ్చి అతనిని పిలిపించుకొని, పాముచేప తోకలోని ఆ రక్తప్రవాహమును చూచి సంతసించెను.

ఇంతటివాని చరిత్రలో ఒక కొరతయు గలదు. అతడు చూచినది చెప్పెను, అడిగినవారికి చూపెను. ఎట్లు చూడవలెనో మాత్రము చెప్పలేదు. శ్రేష్ఠమైన కటకములను అతిథులకు చూపక దాచుకొనెను. వానిని చేయు విధమును శిష్యులకు నేర్పలేదు. 500లకు పైగా కటకములు చేసి, 1723 ఆగస్టు 26వ తేదీన, తొంబదియవ యేట మరణించెను. అతని కోరికపై 26 వెండి సూక్ష్మదర్శినులుగల పెట్టెను కుమార్తె రాయల్ సొసైటీకి పంపెను. 19వ శతాబ్దిలో అవియు కానరాకుండ పోయెను. అతడు పోయిన వెనుక శతాబ్దికి పైగా ఆ సూక్ష్మజీవుల శాస్త్రము పెద్దగ ముందుకు సాగలేదు. వానిలో కొన్ని రోగకారకములని ఋజువు చేయుటకు 19వ శతాబ్ది యుత్తరార్ధమున పాశ్చర్, కోక్ మహాశయులు రావలసివచ్చెను. నడిమి కాలమున కలరా, విషజ్వరములకు బలియైన ప్రాణములకు లెక్కయున్నదా?

చిత్రమేమనగా, 2021లో హాలెండు పరిశోధకులు మిగిలియున్న సాధనమును విప్పకయే న్యూట్రాను కిరణములతో లోపలి కటకమును పరీక్షించిరి. మిక్కిలి శక్తిగల ఆ కటకము కరగించిన గాజుతీగ కొనన ఏర్పడిన పూస యని తేలెను. అట్లు పూసచేయు విధమును రాబర్టు హుక్ 1665లో అచ్చువేయించిన మైక్రోగ్రాఫియా యను గ్రంథపు పీఠికలోనే వివరించియుండెను. ఒకడు మూడువందల యేండ్లకు పైబడి గుట్టుగ నుంచినాడని లోకము తలచిన విద్యకు మూలము, ఎవరైనను తెరచి చదువదగిన పుస్తకములో నుండెనన్నమాట!

లీవెన్‌హుక్ చూపు మనకు రాకపోవచ్చును. కాని చెరువునీటి రంగు మారినప్పుడు కారణము విని యూరకుండక, ఒక బుడ్డిలో పట్టి చూడవలెనను కోరిక అందరికిని కలుగవచ్చును. ఆ కోరిక గలవానికి వలసినది, దాచుకొనని విద్య. ఇరువదియైదేండ్లుగ ఒక పల్లె గ్రంథాలయపు తలుపులు తెరచియుంచినవారును, అందలి పుస్తకములను చదివి తిరిగి పదిలముగ నప్పగించినవారును చేసిన పని యిదియే.