పదకొండు సినిమాల మనిషి

మే నెల రాత్రి. కడపలో గాలి కూడా వేడిగానే ఉంటుంది, హాస్టల్ ఫ్యాన్ ఆ వేడినే తిప్పి మన మీద పోస్తుంది. అలాంటి చోట కూచుని మనలో కొందరం లాప్‌టాప్‌లో చూసేది ఏంటయ్యా అంటే మంచు, వాన, మసక వెలుతురు. డెన్మార్క్ వాళ్ల ‘ద కిల్లింగ్’. డెన్మార్క్, స్వీడన్ కలిసి తీసిన ‘ద బ్రిడ్జ్’. 2007లో వచ్చిన ‘ద కిల్లింగ్’ మొదటి సీజన్ మొత్తం ఒక్క అమ్మాయి హత్య గురించే. 20 ఎపిసోడ్లు. పోలీసులు వెతుకుతుంటారు, ఇంట్లో అమ్మానాన్నలు ఏం మాట్లాడుకోవాలో తెలియక కూచునుంటారు. కథ పరిగెత్తదు. అయినా వదలబుద్ధి కాదు. ఎందుకంటే అక్కడ ఒక్క చావుకి బరువుంది.

మన సీమ పేరు చెప్పి తీసే సినిమాల్లో లెక్క తిరగబడుతుంది. ఒక్క ఫైట్‌లోనే ఇరవై మంది పోతారు. వాళ్లకీ ఇల్లుంటుందని, అక్కడ ఎవరో ఎదురుచూస్తుంటారని మనకి గుర్తు కూడా రాదు. బయట ఊర్లలో కడప అనో కర్నూలు అనో చెప్పగానే బాంబులు, సుమోల గురించి అడిగేది ఇందుకే. మరి నిదానంగా, మనిషి లోపలికి చూస్తూ కథ చెప్పడం మన నేలకి చేతకాదా? చేతనైంది. అదీ ఎనభై ఏళ్ల కిందటే. ఆయన పులివెందుల తాలూకా మనిషి.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి 1908 నవంబర్ 16న కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టారు. లోకానికి బి.ఎన్.రెడ్డి. ఇంట్లో వాళ్లది ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారం, సరుకు బర్మా దాకా పోయేది. ఆ వ్యాపారం మీదే కుటుంబం మద్రాసు చేరింది. బి.ఎన్. అక్కడ బి.ఎన్.కె. ప్రెస్ నడిపారు. అచ్చు పనిలోంచి సినిమా వైపు వచ్చి, హెచ్.ఎం.రెడ్డి ‘గృహలక్ష్మి’ (1938) తీసేటప్పుడు భాగస్వామిగా ఉండి పని నేర్చుకున్నారు. తర్వాత తాడిపత్రికి చెందిన మూలా నారాయణస్వామి తోడుగా వాహిని సంస్థ మొదలైంది. ఛాయాగ్రహణానికి కె.రామనాథ్, కళకి ఎ.కె.శేఖర్, డబ్బు లెక్కలకి తాడిపత్రి కె.వి.రెడ్డి. ఆ లెక్కల మనిషే తర్వాత ‘మాయాబజార్’ తీశారు.

పురాణాల సినిమాలకే జనం ఎగబడే రోజులవి. బి.ఎన్. మొదటి సినిమా ‘వందేమాతరం’ (1939) చదువుండీ ఉద్యోగం దొరకని కుర్రాడి కథ. ప్లేస్‌మెంట్ సీజన్లో ఉన్నవాళ్లకి ఇది పాత కథ అనిపించదు! ‘సుమంగళి’ (1940) వితంతు వివాహం గురించి. ‘దేవత’ (1941)లో విదేశంలో చదివొచ్చిన కుర్రాడు ఇంట్లో పనిచేసే అమ్మాయికి అన్యాయం చేస్తాడు. చిత్తూరు నాగయ్య గారు ఆ పాత్ర వేశారు. అందులో కత్తి లేదు, హత్య లేదు. చేసిన తప్పు ఒక ఆడపిల్ల బతుకులో ఎంత దూరం పోయిందో మాత్రం ఓపికగా చూపించారు. డెన్మార్క్ సీరియళ్లలో మనల్ని పట్టి ఉంచేదీ ఇదే. చేసిందెవరన్నది ఒక ప్రశ్నే, దాంతో ఎవరెవరు ఏమైపోయారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

1951లో ఒక తమాషా జరిగింది. ఆ ఏడాది మార్చిలో తమ్ముడు నాగిరెడ్డి వాళ్ల విజయా సంస్థ నుంచి ‘పాతాళభైరవి’ వచ్చి దుమ్ము రేపింది. డిసెంబర్లో అన్న ‘మల్లీశ్వరి’ వచ్చింది. రెండిట్లోనూ ఎన్టీఆరే హీరో. ఒకటి సాహసం, మాయ, వేగం. రెండోది వానలో చిక్కుకున్న ఒక రాత్రితో మలుపు తిరిగే కథ. మారువేషంలో వచ్చిన కృష్ణదేవరాయల ముందు సరదాగా అన్న మాట నిజమై, మల్లి ఇంటి ముందుకి పల్లకీ వస్తుంది. అంతఃపురం ఆమెకి బంగారు జైలు అవుతుంది. 1928లో నంద్యాల సభలో మన ప్రాంతానికి రాయల పేరు పెట్టుకున్నాం కదా. ఆ రాయలనే చూపిస్తూ, అంత మంచి రాజు దయ కూడా సామాన్యుల బతుకుని ఎలా చిందరవందర చేస్తుందో బి.ఎన్. చెప్పారు. దానికి కాలం, డబ్బు బాగా ఖర్చయ్యాయి. అంత ఖర్చుకి తగ్గ లాభం వెంటనే రాలేదు. పేరు మాత్రం నిలిచింది, చైనాలో కూడా ఆడింది.

వేరే మనిషైతే దారి మార్చేవాడేమో. బి.ఎన్. మారలేదు. జార్జ్ ఎలియట్ నవల ‘సైలస్ మార్నర్’ ఆధారంగా ‘బంగారుపాప’ (1955) తీశారు. మొరటు మనిషి చేతికి ఒక పసిపాప దొరుకుతుంది, ఆ పాప వల్ల అతను మెల్లగా మారతాడు. ఎస్వీ రంగారావు గారి ముఖమే ఆ సినిమాకి వాతావరణం. తర్వాత మునిపల్లె రాజు నవల మీద ‘పూజాఫలం’ (1964). హీరో అక్కినేని గారే, కానీ హీరోలా ఉండడు. బిడియస్తుడు, ఒంటరి, మనసు లోపల్లోపలే నలిగిపోయే మనిషి. ఇవాళ మనం చూసే ఆ దిగులు మొహం డిటెక్టివ్‌లకి దూరపు చుట్టం అనొచ్చు. ‘రంగులరాట్నం’ (1966)లో బతుకుదెరువుకి పట్నం చేరిన కుటుంబం, ఎదురెదురుగా నిలబడే అన్నదమ్ములు. అది మన ఇళ్లలో కథే.

ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఆయన పనంతా మద్రాసు స్టూడియోల్లోనే ఎక్కువ సాగింది. తను పుట్టిన నేల, ఆ నల్లరేగడి, ఎండిన వంకలు, బండరాళ్ల గుట్టలు ఆయన తెర మీద కథగా మారలేదు. స్వీడన్ వాళ్లు ఈస్టాడ్ అనే చిన్న ఊరిని వాలండర్ కథలతో ప్రపంచానికి చూపించారు. మన గండికోట అంచున, మన కేసీ కెనాల్ గట్టున అలాంటి కథ ఇంకా ఎవరో ఒకరు చెప్పాల్సి ఉంది.

1969లో వచ్చిన ‘బంగారుపంజరం’ ఆయన ఆఖరి సినిమా. 30 ఏళ్లలో డైరెక్ట్ చేసినవి మొత్తం 11. అప్పట్లో అంతకన్నా వేగంగా తీసినవాళ్లు, అంతకన్నా డబ్బు చేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనకే వచ్చింది. దక్షిణాది నుంచి దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి పులివెందుల వైపు మనిషి. పద్మభూషణ్ కూడా ఆ ఏడాదే. 1977 నవంబర్ 8న మద్రాసులో కన్నుమూశారు. ఇంకో వారం ఉంటే 69 నిండేవి.

ఈసారి ఎవరైనా మన ఊరి పేరు వినగానే సుమోలు, బాంబుల సంగతి ఎత్తితే కోపం తెచ్చుకోవద్దు. ‘మల్లీశ్వరి’ చూశారా అని అడగండి. ముందు మనం చూసి ఉండాలి మరి. ఈ వారం మంచు కథ ఒక్క ఎపిసోడ్ ఆపి, ఆ వాన రాత్రి దాకా అయినా చూడండి.