క్రియాటినిన్ పరీక్ష వెనక మన సుబ్బారావు

బీపీ, షుగర్ ఉన్నవారి ల్యాబ్ రిపోర్టులో ‘సీరం క్రియాటినిన్’ అని ఒక వరుస ఉంటుంది. కిడ్నీల పనితీరు చెప్పే ఆ అంకెకూ, భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుకూ దగ్గరి సంబంధం ఉంది.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి సర్జరీ ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తోనే సరిపెట్టుకున్నారు. 1922లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు.

సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తం, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. రెండేళ్లకు కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం చటుక్కున కదలాలంటే కావాల్సిన శక్తి నిల్వ ఇది. ఇదే కొద్దికొద్దిగా క్రియాటినిన్ అనే వ్యర్థంగా మారి రక్తంలో కలుస్తుంది. దాన్ని బయటకు పంపేది కిడ్నీలే.

రెండు కిడ్నీల్లోని సుమారు 20 లక్షల నెఫ్రాన్లు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో లీటరున్నర మాత్రమే మూత్రంగా పోతుంది, మిగతాది తిరిగి రక్తంలో చేరుతుంది. బీపీ పడిపోతే కిడ్నీలు రెనిన్‌ను విడుదల చేస్తాయి. దాంతో రక్తనాళాలు బిగుసుకుని, ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ పెరుగుతుంది. బీపీ ఎక్కువైతే ఉప్పు, నీటిని ఎక్కువగా బయటకు పంపుతాయి. ఏళ్ల తరబడి బీపీ అదుపు తప్పితే ఈ జల్లెడే పాడవుతుంది. పాడైన కిడ్నీ బీపీని మరింత పెంచుతుంది. అప్పుడు రక్తంలో క్రియాటినిన్, జబ్బు ముదిరాక భాస్వరం పేరుకుపోతాయి.

సుబ్బారావు 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు డీఈసీ, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ ఆయన బృందం కృషి ఫలితాలే. మెథోట్రెక్సేట్ కూడా కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. అందుకే ఆ మందు ఇచ్చేముందు మేం క్రియాటినిన్ చూస్తాం. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

మా బిజినేపల్లి వైపు చాలామంది కాళ్లు వాచాకే కిడ్నీల గురించి అడుగుతారు. అప్పటికే ఆలస్యమై ఉండొచ్చు. కిడ్నీలు చాలావరకు దెబ్బతినేదాకా క్రియాటినిన్ కూడా పెరగకపోవచ్చు. కాబట్టి బీపీ, షుగర్ ఉన్నవారు ఏడాదికోసారైనా క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షా చేయించుకోండి. ఊరగాయ, అప్పడాలు తగ్గించండి. ఒళ్లు నొప్పులకు సొంతంగా మాత్రలు కొని వాడకండి. బీపీ తగ్గిందని మందులు మానేయకండి.