ఇసుకకు పని నేర్పిన బెంజమిన్ టిల్గ్‌మన్

నీరు, నిప్పు, గాలి మానవునికి ఊడిగం చేయడం మనం అనాదిగా ఎరుగుదుము. కాళ్ళక్రింద నలిగే ఇసుకరేణువును సైతం పనిముట్టుగా మలచిన ఘనత మాత్రం అమెరికా దేశీయుడైన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్‌కు దక్కింది. ఆయన జీవితాన్ని విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయ సంకల్పించాము.

టిల్గ్‌మన్ 1821లో ఫిలడెల్ఫియా నగరంలో జన్మించారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, న్యాయశాస్త్రం అభ్యసించినప్పటికీ, ఆయన మనసు రసాయనశాస్త్రంవైపే మొగ్గింది. సోదరుడైన రిచర్డ్‌తో కలసి ఆయన పరిశోధనలు సాగించారు.

1861లో అంతర్యుద్ధం ప్రారంభం కాగా ఆయన ఉత్తరరాష్ట్రాల సైన్యంలో చేరారు. 1863 మే నెలలో ఛాన్సలర్స్‌విల్ యుద్ధంలో గాయపడ్డారు. కోలుకున్న పిమ్మట నల్లజాతి సైనికులతో ఏర్పడిన మూడవ పటాలానికి నాయకత్వం స్వీకరించారు. అట్టి పటాలాలను నడిపే తెల్ల అధికారులు చేజిక్కినచో మరణదండన విధింపవచ్చునని దక్షిణరాష్ట్రాల కాంగ్రెసు ఆ ఏడాదే తీర్మానించి ఉన్నది. ఆ నల్ల సైనికులకు స్వపక్షంలోనే తెల్లవారికంటె తక్కువ జీతం ముట్టేది. ఇవన్నీ తెలిసికూడ ఆ పదవిని స్వీకరించడంలోనే ఆయన వ్యక్తిత్వం మనకు గోచరిస్తుంది.

యుద్ధానంతరం ఆయన కలపను సల్ఫ్యూరస్ ఆమ్లంతో ఉడికించి కాగితపు గుజ్జు తీసే పద్ధతికి 1867లో పేటెంటు పొందారు. కాని వ్యయభారంచేత ఆ ప్రయత్నం విరమించవలసివచ్చింది. 1874లో స్వీడన్‌లో ఎక్‌మన్ ఆ మార్గాన్నే విజయవంతం చేశారు. విత్తినవాడొకడు, కోసినవాడొకడు అయినాడు.

ఎడారిగాలి విసరిన ఇసుకకు కిటికీ అద్దాలు గరుకెక్కడం చూచి టిల్గ్‌మన్‌కు కొత్త ఆలోచన పొడమినదని చెప్పుకొంటారు. ఆవిరితోగాని, గాలితోగాని ఇసుకను అతివేగంగా చిమ్మి రాయి, గాజు, లోహములను కోసే విధానానికి ఆయన 1870 అక్టోబరు 18న పేటెంటు పొందారు. ఇందులో ఒక విశేషమున్నది. పెళుసైన గాజును చెక్కివేసే ఇసుకధార, మెత్తని రబ్బరును అంతగా బాధించదు. రబ్బరు సాగి దెబ్బను ఓర్చుకుంటుంది, గాజు చిట్లుతుంది. కనుక కోరిన ఆకృతిలో రబ్బరును కప్పినచో మిగిలిన భాగమే చెక్కబడుతుంది. ఇనుముపై తుప్పును, పాత రంగును తొలగించి కొత్త రంగు గట్టిగా పట్టేలా చేయుటకూ ఈ విధానమే ఆధారమైనది.

1873లో అమెరికా కాంగ్రెసు అంతర్యుద్ధ మృతుల సమాధులకు శిలాఫలకాలు మంజూరు చేయగా, వెర్మాంట్ పాలరాతిపై వారి పేర్లు తీర్చుటకు ఇసుకధారనే వినియోగించారు. ఒక సేనాని కనుగొన్న సాధనం ఆ యుద్ధంలో నేలకొరిగిన సైనికుల పేర్లను ఇట్లు నిలిపినది. టిల్గ్‌మన్ 1901లో స్వనగరంలోనే పరమపదించారు.

అయితే ఈ కథకు చీకటి పార్శ్వం లేకపోలేదు. వేగంగా తాకి పగిలిన ఇసుకనుండి లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధి కలిగిస్తుంది. దానిని నయంచేసే మందు లేదు. పోత వస్తువులను ఇసుకతో శుభ్రపరచడాన్ని బ్రిటన్ 1949లో నిషేధించింది. జీన్స్ బట్టలను వెలిసినట్లు చేసే పనిలో యువ కార్మికులు ఈ వ్యాధికి బలియైన పిమ్మట టర్కీ 2009లో అట్టి నిషేధమే విధించింది. ఉక్కు గుళ్ళు, గార్నెట్, అల్యూమినియం ఆక్సైడ్ మొదలైనవి ఇసుకకు బదులుగా అనేకచోట్ల వాడుకలోకి వచ్చాయి. తగిన ముసుగు, స్వచ్ఛమైన గాలి సరఫరా వీటికి కూడ తప్పనిసరి.

విజ్ఞానం పనిని సులభం చేయడంతో సరిపోదు, ఆ పని చేసేవాని ఊపిరినికూడ కాపాడవలెను. తోటిమనిషికోసం ప్రాణాపాయానికి వెరవని టిల్గ్‌మన్ జీవితం మనకు బోధించేది ఇదేనని మేము తలుస్తున్నాము. రేపు యంత్రశాలలలో అధికారులు కాబోయే మన విద్యార్థులు దీనిని మరువరాదని మా మనవి.