ఇరవై ఎనిమిదేళ్ళు నిండని చిత్రకారుడు – దామెర్ల రామారావుగారు

మన ముమ్మిడివరం నుంచి ఆసుపత్రి పనిమీదో, పుష్కరాలకో రాజమండ్రి వెళ్ళనివారు ఉండరు. కాని గోదావరి గట్టున ఉన్న దామెర్ల రామారావు చిత్రశాల మెట్లెక్కినవారు మన సభ్యులలో తక్కువేనని నా అనుమానం. అందుకే ఈ ప్రత్యేక సంచికకు వారిని గురించి వ్రాయదలచాను.

రామారావుగారు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించారు. బొమ్మలు వేస్తే కూడు పెడుతుందా అని పెద్దలు అడిగే కాలమది. ఆయన అదృష్టం ఏమిటంటే, ఆ ఊరి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండడం. కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు, రచయిత. అడివి బాపిరాజుగారు కూడా ఆయన శిష్యులే. కుర్రవాడి చేతిలోని పనితనాన్ని పసిగట్టి, 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. మంచి అధికారి ఒక్కడు దొరికితే మనిషి దశ ఎలా తిరుగుతుందో ఆఫీసుల్లో పనిచేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

1920లో చదువు ముగించుకుని సొంత ఊరు చేరారు. ఆ రోజుల్లో బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీగారు బెంగాలీ పద్ధతి నేర్పుతున్నారు. బొంబాయిలో పాశ్చాత్య పద్ధతి నడుస్తోంది. రామారావుగారు ఈ రెండింటిలో దేనికీ దాసోహమనలేదు. అజంతా గీతను, బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణాన్ని కలిపి తెలుగు స్త్రీలను, గోదావరిని చిత్రించారు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ అలా పుట్టినవే. ఋష్యశృంగుని చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో బహుమతి లభించింది. 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్ళాయి. అక్కడితో తృప్తిపడక, రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి పిల్లలకు నేర్పసాగారు. భార్య సత్యవాణిగారు కూడా చిత్రకారిణి.

1925 ఫిబ్రవరి 6న మశూచికం ఆయనను తీసుకుపోయింది. జెన్నర్ టీకా కనిపెట్టి అప్పటికి 129 ఏళ్ళు! మన దేశంలో ఆ జబ్బు ఆఖరి కేసు 1975లో. మా వయసువారి జబ్బల మీద టీకా మచ్చలు ఇంకా ఉన్నాయి.

బొంబాయి నుంచి వచ్చాక ఆయన పనిచేసినది ఐదేళ్ళలోపే. మన లెక్కలో పెన్షను అర్హతకే పదేళ్ళ సర్వీసు కావాలి!

అయినా ఆ పేరు నిలిచిందంటే అందుకు సహాధ్యాయి వరదా వెంకటరత్నంగారే ముఖ్యకారకులు. తానూ చిత్రకారుడై ఉండి, స్నేహితుని బొమ్మలను కాపాడడం, ఆయన పెట్టిన బడిని నడపడం తన పనిగా పెట్టుకున్నారు. అటువంటి స్నేహితుడు ఎందరికి దొరుకుతాడు?

చిత్రశాలలో నీటిరంగుల చిత్రాలున్నాయి. నదీతీరపు తేమ కాగితానికి మంచిది కాదు. రికార్డు రూముల్లో పాత ఫైళ్ళు ఏమవుతాయో మనం చూసినవాళ్ళమే. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళేవారు ఈసారి ఒక గంట ముందు బస్సు ఎక్కితే, పని చూసుకుని ఆ బొమ్మలు కూడా చూసి రావచ్చు.