టామ్ కిల్బర్న్ - చోటు చాలని యంత్రం

కంప్యూటర్ల చరిత్ర వ్రాసేవారు వేగాన్ని గురించి ఎక్కువగాను, చోటును గురించి తక్కువగాను వ్రాస్తారు. మేము పరిచయం చేయదలచిన టామ్ కిల్బర్న్ ఈ రెండవ సమస్యతోనే తన ఖ్యాతిలో అధికభాగాన్ని ఆర్జించారు.

ఇంగ్లండులో ఉన్ని మిల్లులకు పేరుపొందిన డ్యూస్‌బరీ పట్టణంలో 1921 ఆగస్టు 11న ఆయన జన్మించారు. కేంబ్రిడ్జిలో గణితం చదివి 1942లో పట్టభద్రులయ్యారు. అది యుద్ధకాలం. కొద్దిపాటి ఎలక్ట్రానిక్స్ శిక్షణతోనే ఆ యువకుణ్ణి రాడార్ పరిశోధనశాలలో ఫ్రెడరిక్ విలియమ్స్ వద్దకు పంపారు. యుద్ధానంతరం గురుశిష్యులిద్దరూ మాంచెస్టర్ విశ్వవిద్యాలయం చేరి, కాథోడ్ కిరణనాళపు తెరమీద విద్యుదావేశపు చుక్కల రూపంలో అంకెలను నిలిపే పద్ధతిని సాధించారు. అది నిజంగా నిలుస్తుందో లేదో పరీక్షించడానికి నిర్మించిన చిన్న యంత్రమే, తనలో నిక్షిప్తమైన ప్రోగ్రామును తానే నడిపిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరుగా ప్రసిద్ధికెక్కింది. 1948 జూన్ 21న కిల్బర్న్ వ్రాసిన ప్రోగ్రాము 52 నిమిషాలు నడిచి, 2,62,144 యొక్క అతిపెద్ద కారణాంకాన్ని సరిగా తేల్చింది. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి అంతా కలిపి 32 పంక్తులే! నేటి విద్యార్థి జేబులోని ఫోనుతో దానిని పోల్చడం కూడ అన్యాయమే.

ఆ ఇరుకుదనమే ఆయనను అట్లాస్ వైపు నడిపించిందని మా అభిప్రాయం. ఫెరాంటి సంస్థతో కలిసి నిర్మించిన ఈ మహాయంత్రం 1962 డిసెంబరు 7న ప్రారంభమైంది. అందులో వేగవంతమైన కోర్ మెమరీ 16,384 పదాలకే సరిపోతుంది. చౌకైనదీ మందకొడిదీ అయిన అయస్కాంత డ్రమ్ములలో 98,304 పదాలు పట్టేవి. అంతకుముందు ఏ భాగాన్ని ఎప్పుడు కోర్‌లోకి తేవాలో ప్రోగ్రాము వ్రాసేవారే తంటాలుపడి నిర్ణయించుకోవలసివచ్చేది. కిల్బర్న్, ఆయన సహచరులు ఈ భారాన్ని యంత్రానికే అప్పగించారు. మెమరీని 512 పదాల పుటలుగా విభజించారు. రెండు నిలువలూ ఒక్కటేనన్నట్లు వాడుకరికి తోపింపజేశారు. అడిగిన పుట కోర్‌లో లేకుంటే యంత్రమే డ్రమ్మునుండి తెచ్చుకొంటుంది.

అయితే ఉన్న చోటు 32 పుటలకే గదా! కొత్తది రావాలంటే పాతది ఒకటి పోవాలి. ఏది? చదువరులకు పుస్తకాలందించే మన గ్రంథాలయ ఉద్యోగి బల్లమీది పుస్తకాలలో దేనిని బీరువాకు చేర్చాలో తలచుకొంటే ఇందలి చిక్కు బోధపడుతుంది. చేర్చినదానినే మరుక్షణం ఎవరో అడిగితే శ్రమ రెట్టింపు. కిల్బర్న్ బృందం ప్రతి పుటకూ, ఇటీవల వాడబడిందా లేదా అని సూచించే ఒక అంకెను జతచేసింది. ఆ పుట ఎంతకాలంగా ఊరకున్నది, అంతకుముందు ఎంతకాలం ఊరకుండి తిరిగి అవసరమైనది అనే రెండు కాలాలను ఒక ప్రోగ్రాము లెక్కించేది. తన అలవాటును మించి ఊరకున్న పుటతో పని ముగిసినట్లు భావించి దానిని పంపివేసేది. అటువంటిది లేకుంటే, అందరికంటె ఆలస్యంగా అవసరమయ్యేట్లు కనిపించే పుటను ఎంచేది. ఒక పుటకు చోటు ఎల్లప్పుడూ ఖాళీగా ఉంచడం మరొక యుక్తి. కొత్తది అందులోకి దిగుతుండగానే పోవలసినదేదో నిర్ణయం జరిగిపోయేది.

1966లో ఐబియం పరిశోధకుడు బెలాడీ పలు పద్ధతులను పోల్చిచూడగా, చక్రంలా అదేపనిని తిరిగి తిరిగి చేసే ప్రోగ్రాములకు తప్ప తక్కినవాటికి కిల్బర్న్ పద్ధతి అంతగా నప్పదని తేలింది. భవిష్యత్తు ముందే తెలిస్తేగాని పరిపూర్ణమైన ఎంపిక సాధ్యపడదని కూడ బెలాడీయే చూపారు. ఈ తీర్పు కిల్బర్న్ ప్రతిష్ఠను తగ్గించిందని మేము అనుకోము. ఆయన సూత్రం వెనుకబడినా, వాడుకను తెలిపే ఆ ఒక్క అంకె నేటి ప్రాసెసర్లలో ఇంకా జీవించియున్నది.

1964లో ఆయన మాంచెస్టర్‌లో బ్రిటన్ మొట్టమొదటి కంప్యూటర్ సైన్స్ శాఖను స్థాపించి, 1965లో రాయల్ సొసైటీ సభ్యులై, 1981లో పదవీ విరమణ చేశారు. సహధర్మచారిణి ఐరీన్ మరణం కూడ ఆ యేడే సంభవించింది. 1998లో, తొలి యంత్రపు స్వర్ణోత్సవానికి మాంచెస్టర్‌లో దాని నమూనాను మళ్లీ నిర్మించినప్పుడు ఆ వేడుకలో పాల్గొన్నారు. 2001 జనవరి 17న కన్నుమూశారు. ఆ శాఖ భవనం నేడు ఆయన పేరనే ఉన్నది.