ఊచలు తొలగించిన వర్తకుడు: కార్ల్ హేగెన్‌బెక్

హైదరాబాదులో 1963లో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాలకు వెళ్ళిన బాలబాలికలు పులిని, సింహమును ఇనుప ఊచల వెనుక కాక, కందకమునకు ఆవల ఆరుబయట చూతురు. నేడు సహజముగా తోచు ఈ ఏర్పాటు ఒకనాడు లోకమునకు వింత. దానిని ఆచరణలో పెట్టి పేరు తెచ్చినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, ప్రభువు కాడు. జర్మనీ దేశపు ఒక జంతువర్తకుడు. ఆయన పేరు కార్ల్ హేగెన్‌బెక్.

హేగెన్‌బెక్ 1844 జూన్ 10వ తేదీన హాంబర్గు నగరమున జన్మించినాడు. తండ్రి చేపల వర్తకుడు. 1848లో ఆయనకు చేపలు తెచ్చు జాలరుల వలలలో ఆరు సీలు జంతువులు చిక్కినవి. తండ్రి వానిని కొయ్యతొట్లలో ఉంచి, రుసుము పుచ్చుకొని జనులకు చూపినాడు. ఆ చిన్న లాభమే ఒక మహావ్యాపారమునకు బీజమైనది. 1866లో, ఇరువది రెండేండ్లు నిండీ నిండని వయసున, కార్ల్ జంతువర్తకపు భారమును తానే వహించినాడు. ఆఫ్రికా, ఆసియా ఖండముల ఏనుగులు, జిరాఫీలు, సింహములు, పులులు ఆయన చేతిమీదుగా అనేక దేశముల జంతుశాలలకు, సర్కసులకు చేరినవి.

ఈ వైభవము వెనుక చీకటి కూడ కలదు. పిల్లను పట్టుటకై తల్లిని చంపుట ఆనాటి వేటగాండ్ర పద్ధతి. పట్టుబడిన మృగములలో అనేకములు దారిలోనే ప్రాణములు విడిచినవి. అంతేకాక 1875 మొదలు లాప్లాండు వంటి దూరప్రాంతముల మనుష్యులను సైతము ఆయన రుసుముపై ప్రదర్శించినాడు. జీవితచరిత్ర చెప్పునపుడు ఇట్టి సంగతులను దాచుట న్యాయము కాదు.

అయినను ఆ వర్తకునిలో మృగముల మనసు నెరుగు గుణము ఒకటి ఉండినది. ఆ రోజులలో సింహమును లొంగదీయుటకు కొరడాయు, కాల్చిన ఇనుప కడ్డీయు సాధనములు. భయపడిన మృగము నేర్వదనియు, ఏనాటికైన ఎదురు తిరుగుననియు హేగెన్‌బెక్ గ్రహించినాడు. ప్రతి మృగమునకు వేరువేరు స్వభావము కలదని ఆయన నమ్మకము. నేర్పరియైన ఉపాధ్యాయుడు పిల్లవాని తీరు కనిపెట్టి పాఠము చెప్పినట్లు, ఆయన శిక్షకులు ఓర్పుతో, మాంసపు ముక్క బహుమతిగా ఇచ్చి నేర్పిరి. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనమున ఆ మృగముల విన్యాసములు జనులను ముగ్ధులను చేసినవి.

తరువాత ఆయన దృష్టి బోనుపై పడినది. సింహము ఎంత దూరము, పులి ఎంత ఎత్తు దుముకగలవో స్వయముగా పరీక్షించి, అందుకు తగిన కందకములు త్రవ్వించినాడు. ఈ దృశ్యరచనకు 1896లో పేటెంటు పొందినాడు. 1907 మే 7వ తేదీన హాంబర్గు చెంత స్టెల్లింగెన్‌లో ఆయన జంతువనము తెరువబడినది. ముందు పక్షుల కొలను, దాని వెనుక గడ్డి మేయు జంతువులు, ఆపైన సింహముల లోయ, అన్నిటికి ఎగువన కృత్రిమమైన కొండ. కందకములు కంటికి కానరావు గనుక సింహము, సాధుజంతువు ఒకేచోట మెలగుచున్నట్లు తోచును. ఉష్ణదేశపు మృగములు సైతము, పొడి ఆశ్రయమున్నచో, చలిదేశపు ఆరుబయట జీవింపగలవని ఆయన నిరూపించినాడు. 1913 ఏప్రిల్ 14వ తేదీన హేగెన్‌బెక్ మరణించినాడు. ఆయన పద్ధతి మాత్రము దేశదేశములకు వ్యాపించినది.

కాని ఒక ప్రశ్న మిగిలినది. ఊచలు తొలగినవి చూపరి కంటికా, పులి జీవితమునకా? అడవిలో పులి ఆహారమునకై రాత్రి పొడవునా తిరుగును, పొంచును, అనేక పర్యాయములు విఫలమగును. జంతుశాలలో వేళకు మాంసము వచ్చును. పిదప దినమంతయు శూన్యము. అందుచేతనే కందకము వెనుక ఉన్న పులి కూడ ఒకే బాటలో అటునిటు పచార్లు చేయును. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హైనీ హెడిగర్, మృగమునకు స్థలము ఎంత అనుటకంటె ఆ స్థలము ఎట్టిది అనుటయే ముఖ్యమని బోధించినాడు. అడవిలో విశాలమైన ప్రదేశమున సంచరించు మాంసాహారులే బంధనములో అధికముగా పచార్లు చేయునని 2003లో ప్రకటితమైన ఆక్స్‌ఫర్డు పరిశోధన తెలిపినది.

అందుకే నేటి మంచి జంతుశాలలలో మాంసమును దాచి వెదకింతురు, ఎత్తున వ్రేలాడగట్టుదురు, గోళ్ళు గీయుటకు దుంగలు, ఈదుటకు కొలనులు, కొత్త వాసనలు, దొర్లించుటకు బంతులు సమకూర్తురు. బహుమతిగా మాంసము చూపి, వైద్యుని చెంత పులి తానై నిలుచునట్లు నేర్పుదురు. ఈ చివరి పనిలో హేగెన్‌బెక్ శిక్షకుల ఓర్పే మరల కానవచ్చును.

కందకము ఆయనకు కీర్తి తెచ్చినది. కాని మృగమునకు మనసు కలదన్న గుర్తింపే ఆయన విడిచిన మేలైన ఆస్తి. విద్యార్థులు ఈసారి జంతుశాలకు వెళ్ళినపుడు ఊచలు ఉన్నవా లేవా అని మాత్రమే చూడరాదు. పులికి చేయుటకు పని ఉన్నదా అని కూడ చూడవలెను.